న్యూజెర్సీ వదిలి టెక్సాస్ వెళ్లాలా? రెండు చోట్లా ఉన్నవారు చెప్పండి

మెట్రోపార్క్ ప్రయాణం

అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నాకు టెక్సాస్‌లో డల్లాస్ పక్కనున్న ప్లేనోలో ఒక కంపెనీ నుంచి ఉద్యోగం వచ్చింది. జీతం ఇక్కడికంటే కాస్త ఎక్కువే కానీ, దానికోసమే ఊరు మారేంత ఎక్కువ కాదు. మావారి ఆఫీసు మన్‌హట్టన్‌లో. వారానికి మూడు రోజులు మెట్రోపార్క్‌లో రైలెక్కాలి. టెక్సాస్ వెళ్లినా ఇంటి నుంచి పని చేసుకోవచ్చని వాళ్ల మేనేజరు నోటిమాటగా చెప్పారు. అమ్మాయి ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. ఏడాదిలో నాలుగైదు నెలలు అత్తయ్య, మామయ్యగారో, మా అమ్మానాన్నలో వచ్చి ఉంటారు.

డల్లాస్ వైపు వెళ్లిన స్నేహితులందరిదీ ఒకటే పాట: "రాష్ట్ర ఆదాయ పన్ను లేదు, ఇల్లు రెండింతలు వస్తుంది, ఇంకా ఆలోచన దేనికి?" ఇక్కడివాళ్లేమో "కారు లేకుండా గడప దాటలేని చోటుకు ఎందుకు పోతారు?" అంటున్నారు. రెండు వైపులా వినీ వినీ మాకు ఏమీ పాలుపోవడం లేదు. పార్టీ రాజకీయాలు మాత్రం వద్దండి.

బ్లూబోనెట్

ఇందులో ప్రశ్న ఏముందండీ, వచ్చేయండి! మేము పార్సిపనీ నుంచి ఫ్రిస్కో వచ్చి చాలా ఏళ్లయింది. అక్కడ మంచు ఎత్తి ఎత్తి నడుము పోయింది. ఇక్కడ మొదటి జీతం కాగితంలో రాష్ట్ర పన్ను గడి దగ్గర సున్నా చూసి ఇద్దరం మిఠాయి తెచ్చుకుని తిన్నాం. ఎడిసన్‌లో మీరు పెట్టే ధరకు 1960లలో కట్టిన ఇల్లు వస్తే, ఇక్కడ పిల్లలకు తలా ఒక గది, పెద్దవాళ్లకు కింది అంతస్తులోనే పడకగది, పెరట్లో గోంగూరకు చోటు, అన్నీ వస్తాయి. గోంగూర సంగతి సరదాకు చెప్పడం లేదు. ఈ ఎండ మనకు కష్టంగా ఉంటుందేమో గానీ దానికి పండగే. కరివేపాకు కుండీని అక్టోబరులో ఇంట్లోకి మోసుకెళ్లి ఏప్రిల్ దాకా బతిమాలుకునే పని కూడా తప్పుతుంది, నవంబరు దాకా బయటే ఉంచవచ్చు.

మనవాళ్లకు కొదవ లేదు. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ ఆలయం, ఇర్వింగ్‌లో ఏక్తా మందిర్, టాంటెక్స్ (ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం) వాళ్లు నెలనెలా జరిపే తెలుగు వెన్నెల సాహిత్య సభ. పిల్లలకు తెలుగు నేర్పే మనబడి తరగతులు కూడా దగ్గరలోనే దొరుకుతాయి.

రారిటన్ ఒడ్డు

గోంగూర కోసం రాష్ట్రం మారమంటున్నారా!

బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరుడి గుడి, ఎడిసన్ సాయి దత్త పీఠం, ఓక్ ట్రీ రోడ్డు ఉన్నవారికి మనవాళ్లు ఎక్కువ, గుళ్లు ఎక్కువ అని చెప్పడమెందుకు? ఆ విషయంలో రెండు చోట్లా లోటు లేదు, దాన్ని పక్కన పెట్టండి.

ప్రయాణం గారూ, మీరు ఇల్లు ఎప్పుడు కొన్నారు? వడ్డీ ఎంత? ఎవరూ అడగరు గానీ అసలు ప్రశ్న ఇదే. 2020, 2021లలో మూడు శాతానికి అప్పు తీసుకున్నవాళ్లు ఇప్పుడు ఇల్లమ్మి ఇంకోటి కొంటే ఆ వడ్డీని కూడా అమ్ముకున్నట్టే. 4 లక్షల డాలర్ల అప్పు 30 ఏళ్లకు మూడు శాతం మీద నెలకు 1,686 డాలర్లు. అదే ఆరుంపావు శాతమైతే 2,463. ఏడాదికి 9,300 డాలర్ల పైచిలుకు తేడా. మీ టెక్సాస్ స్నేహితులు ఈ అంకె చెప్పారా?

పన్నుల పంతులు

పన్ను రిటర్నులు తయారు చేయడం నా వృత్తి కాబట్టి రెండు ముక్కలు. సలహా ఇచ్చేముందు మూడు సంగతులు తెలియాలి. ఒకటి, ఇద్దరి ఆదాయం విడివిడిగా ఎంత. రెండు, మీవారు టెక్సాస్ నుంచి పని చేస్తే కంపెనీ కాగితాల్లో ఆయన ఆఫీసు ఏ ఊరిదిగా ఉంటుంది. మూడు, ఇప్పటి ఇంటిని అమ్ముతారా, అద్దెకిస్తారా. రెండోది చిన్న విషయంలా కనిపిస్తుంది. కాదు.

ఆలెన్ అత్తయ్య

అమ్మాయీ, బ్లూబోనెట్ చెప్పినవన్నీ నిజమే, అయితే వడగళ్ల సంగతి చెప్పలేదు. మార్చి నుంచి జూన్ దాకా ఆకాశం ఆకుపచ్చగా మారిందంటే కార్లు షెడ్డులోకి తోయడమే. ఇక్కడ ఇంటి బీమాలో గాలికీ వడగళ్లకూ డిడక్టిబుల్ వేరేగా ఉంటుంది, ఇంటి బీమా విలువలో ఒక శాతమో రెండు శాతమో. 6 లక్షల ఇంటికి రెండు శాతమంటే 12 వేల డాలర్లు మన చేతినుంచి పెట్టుకున్నాకే వాళ్లు చెయ్యి జేబులో పెడతారు. పాలసీ కాగితంలో ఆ గడి చూడకుండా సంతకం పెట్టకు. పైకప్పు పాతదైతే కొత్తదాని ఖరీదు ఇవ్వకుండా, తరుగు తీసేసి ఇచ్చే పాలసీలు కూడా ఉన్నాయి.

తర్వాత నేల. ఇక్కడిది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుని బీటలు వారుతుంది. దానిమీద ఇల్లంతా ఒకే కాంక్రీటు పలక, కింద సెల్లారు ఉండదు. అందుకని వేసవిలో మొక్కలకు పోసినట్టే ఇంటి పునాది చుట్టూ గొట్టం పరిచి నీళ్లు పెడతాం. మొదటిసారి విన్నప్పుడు మా వియ్యపురాలు నాకు మతి పోయిందనుకుంది. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు తలుపులు సరిగ్గా పడుతున్నాయా, కిటికీ మూలల్లో ఏటవాలు పగుళ్లు ఉన్నాయా చూసుకో.

మూడోది, కొత్త కాలనీ అయితే ముడ్, పిడ్ అని అదనపు పన్నులు ఉంటాయి. నీళ్లు, రోడ్లు వేయడానికి తెచ్చిన అప్పును అక్కడ ఇల్లు కొన్నవాళ్లే తీరుస్తారు. వీధి అవతల లేని పన్ను వీధి ఇవతల ఉంటుంది. ఇంత చెప్పినా నేను మాత్రం ఇక్కడినుంచి కదలను. నా మోకాళ్లకు చలి పడదు.

మెట్రోపార్క్ ప్రయాణం

అందరికీ ధన్యవాదాలు. అత్తయ్యగారూ, ఆ కిటికీ మూలల సంగతి రాసి పెట్టుకున్నాను.

రారిటన్ ఒడ్డు గారూ, 2021లో పాత అప్పు తీర్చి తక్కువ వడ్డీకి కొత్తది తీసుకున్నాం (రీఫైనాన్స్), మూడు శాతంలోపే. ఆస్తి పన్ను 11 వేలు దాటింది.

పంతులుగారూ, మినహాయింపులు పోగా పన్ను కట్టే ఆదాయం మావారిది సుమారు 1 లక్షా 40 వేలు, నాది 1 లక్ష. ఆయన ఆఫీసు కాగితాల్లో న్యూయార్క్‌గానే ఉంటుందట. ఇల్లు అద్దెకు ఇద్దామని ఆలోచన.

పన్నుల పంతులు

అయితే కాస్త ఓపికగా చదవండి.

న్యూజెర్సీ పన్ను జంటలకు 1.4 శాతంతో మొదలై మెట్లుమెట్లుగా ఎక్కుతుంది. లక్షన్నర దాటాక 6.37 శాతం, పది లక్షలు దాటితే 10.75. మీ ఇద్దరి 2 లక్షల 40 వేల మీద లెక్క కడితే 11,245 డాలర్లు వస్తుంది. "టెక్సాస్‌లో ఏడాదికి 11 వేలు మిగులు" అని మీ స్నేహితులు అనేది ఈ అంకెనే.

కానీ మీరు ఇప్పుడు న్యూజెర్సీకి అంత కట్టడం లేదు. మీవారి జీతం మీద న్యూయార్క్ ముందే పన్ను తీసుకుంటోంది. అందుకుగాను న్యూజెర్సీ ఆయన వాటా మేరకు తగ్గింపు ఇస్తుంది. మిగిలేది మీ జీతం వాటా, సుమారు 4,700 డాలర్లు. ఆస్తి పన్నును కూడా 15 వేల దాకా ఆదాయంలోంచి తీసేయనిస్తారు కాబట్టి ఇంకొంచెం తగ్గుతుంది.

ఇక అసలు మెలిక. న్యూయార్క్ కంపెనీలో ఉద్యోగి వేరే రాష్ట్రంలో ఇంటి నుంచి పని చేస్తుంటే, అది కంపెనీ అవసరం కోసమా, ఉద్యోగి సౌకర్యం కోసమా అని ఆ రాష్ట్రం అడుగుతుంది. సౌకర్యం కోసమే అయితే ఆయన టెక్సాస్‌లో కూర్చున్న రోజులను కూడా న్యూయార్క్‌లో పని చేసినట్టే లెక్కవేసి పన్ను తీసుకుంటుంది. మీ మేనేజరు చెప్పినట్టు వెళ్తే మీవారి జీతం మీద న్యూయార్క్ పన్ను ఏడెనిమిది వేలు ఎప్పట్లాగే పోతుంది. టెక్సాస్‌లో ఆదాయ పన్నే లేదు కాబట్టి దానికి తగ్గింపు ఇచ్చేవాళ్లూ ఉండరు. అంటే ఊరు మారితే మీకు మిగిలేది ఆ 4,700లోపే. దానికోసం రారిటన్ ఒడ్డు గారు చెప్పిన 9,300 వడ్డీ తేడాను నెత్తికెత్తుకుంటారా అన్నది మీ ఇష్టం.

కంపెనీకి డల్లాస్ ప్రాంతంలో నిజమైన ఆఫీసు ఉండి, మీవారిని అక్కడికి లిఖితపూర్వకంగా బదిలీ చేస్తే కథ మారుతుంది. నోటిమాట చాలదు.

బ్లూబోనెట్

పంతులుగారు న్యూజెర్సీ ఆస్తి పన్నును మరీ సుతారంగా దాటేశారు. 2024లోనే ఆ రాష్ట్రంలో సగటు బిల్లు 10 వేల డాలర్లు దాటింది. దేశంలో అంతకంటే ఎక్కువ ఎక్కడుంది?

పన్నుల పంతులు

దాటేయలేదండీ, అది రెండు వైపులా దాదాపు కొట్టుకుపోతుంది కాబట్టి వదిలేశాను. డల్లాస్ ఉత్తర శివారుల్లో అన్ని పన్నులూ కలిపి సుమారు రెండు శాతం అనుకుందాం. 6 లక్షల ఇంటికి 12 వేలు. సొంతంగా ఉండే ఇంటికి స్కూలు పన్నులో 1 లక్షా 40 వేల విలువ మినహాయింపు ఇస్తారు. 2023లో దాన్ని 40 వేల నుంచి లక్షకు, 2025లో 1 లక్షా 40 వేలకు పెంచారు. స్కూలు పన్ను ఒక శాతం దగ్గర ఉంటుంది గనుక 1,400 తగ్గి 10,600 అవుతుంది. ఎడిసన్ 11 వేలకూ దీనికీ పెద్ద దూరం లేదు. ముడ్ ఉంటే ఆ దూరం కూడా చెరిగిపోతుంది. టెక్సాస్‌లో ఒక మంచి ఉంది, సొంత నివాసానికి పన్ను విలువ ఏడాదికి పది శాతానికి మించి పెంచకూడదు, మే 15లోపు అభ్యంతరం పెట్టుకోవచ్చు కూడా. న్యూజెర్సీలో ఆదాయం లక్షన్నరలోపు ఉన్న ఇంటి యజమానులకు యాంకర్ అనే ఆస్తి పన్ను ఊరట పథకం కింద 1,500, రెండున్నర లక్షలలోపు వారికి 1,000 వెనక్కి వస్తుంది. దరఖాస్తు పెట్టుకోని మనవాళ్లను చాలామందిని చూశాను.

ఇంకొకటి. రాష్ట్ర, స్థానిక పన్నుల్లో 10 వేలకు మించి ఫెడరల్ రిటర్నులో చూపించుకోనివ్వని పరిమితిని 2025 నుంచి 40 వేలు చేశారు. 2018 తర్వాత న్యూజెర్సీ విడిచిన చాలామంది చెప్పిన కారణం ఇప్పుడు సగం పోయింది. మరోవైపు, ఆరోగ్య పొదుపు ఖాతాలో వేసే డబ్బు మీద కూడా న్యూజెర్సీ రాష్ట్ర పన్ను వేస్తుంది. దాన్ని నేను వెనకేసుకు రాను.

విశాఖ మాస్టారు

నేను ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. అబ్బాయి ఎడిసన్‌లో, అమ్మాయి మెకిన్నీలో ఉంటారు. రెండు చోట్లా అతిథిగా ఉంటాను కనుక నా మాటకు పన్ను వర్తించదు.

ఎడిసన్‌లో పొద్దున్నే రూజ్‌వెల్ట్ పార్కుకు నడుచుకుంటూ పోతాను. నాలాంటి వాళ్లు అక్కడ కనిపిస్తారు. ఒకాయన ఒంగోలు, ఒకాయన నడియాద్. పేర్లకంటే ముందు రక్తపోటు అంకెలు చెప్పుకుంటాం. సాయంత్రం ఓక్ ట్రీ రోడ్డుకు వెళ్లి కూరలు తెచ్చి కోడలికి ఇస్తే నాకూ ఏదో పని చేసినట్టుంటుంది. కానీ ఆ ఇంట్లో ఎటు చూసినా మెట్లే. తలుపు తీయగానే ఏడు మెట్లు పైకి, ఏడు మెట్లు కిందికి. మా ఆవిడ దిగడం మానేసింది.

మెకిన్నీలో అమ్మాయి ఇల్లు ఎంతో హాయి. కింది గదే మాది, పక్కనే స్నానాలగది, మా ఆవిడ ముఖం వికసిస్తుంది. నాకేమో కాళ్లు కట్టేసినట్టు. ఎక్కడికి వెళ్లాలన్నా అమ్మాయి తీరిక చూసుకోవాలి. జూలైలో ఏడు దాటితే బయట నిలబడలేం. డల్లాస్‌లో 2011 వేసవిలో వంద డిగ్రీల ఫారన్‌హీట్‌ను తాకిన, దాటిన రోజులు 71 అని అల్లుడు చెబితే మన రెంటచింతల గుర్తొచ్చింది. అమ్మా, మీ అత్తమామలకు మోకాళ్లు ముఖ్యమా, నడక ముఖ్యమా కనుక్కోండి. మా ఇంట్లో ఈ ఓటు ఒకటికి ఒకటిగా ఆగిపోయింది.

తులసికోట

అందరూ డబ్బు మాట్లాడుతున్నారు, నేను వేరే విషయం రాస్తాను. మాకు రెండో బిడ్డ న్యూజెర్సీలో పుట్టింది. ప్రసవానికి రాష్ట్ర వైకల్య బీమా నుంచి, తర్వాత బిడ్డ కోసం పన్నెండు వారాలు కుటుంబ సెలవు బీమా నుంచి డబ్బు వచ్చింది. 2009 నుంచి ఉన్న పథకం, మన జీతంలోంచే చిన్న మొత్తం తీసుకుని నడుపుతారు. టెక్సాస్‌లో ప్రైవేటు ఉద్యోగులకు ఇలాంటి రాష్ట్ర పథకం లేదు. కంపెనీ ఎంత ఇస్తే అంత.

రెండోది, గర్భిణులకు సంబంధించిన చట్టం. 2022 నుంచి టెక్సాస్‌లో గర్భస్రావం దాదాపు పూర్తిగా నిషేధం. తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు ఎక్కడ మొదలవుతుందో తేలక డాక్టర్లు వెనకాడిన సందర్భాలు కోర్టుల దాకా వెళ్లాయి. 2025లో దాన్ని స్పష్టం చేస్తూ మరో చట్టం చేశారు. ఇది రాజకీయం అనుకునేవాళ్లు అనుకోండి. ఇంకా పిల్లలు కావాలనుకునే జంటకు ఇది ఆరోగ్య విషయం. మా చెల్లెలికి అక్కడ ఉద్యోగం వచ్చినప్పుడు ఇదే మాట చెప్పాను.

రెండు కార్ల కాపురం

ఇంకొకటి ఎవరూ ఎత్తలేదు. 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు దాటిన చాలామంది లైసెన్సు లేకుండానే తుపాకీ వెంటబెట్టుకుని తిరగవచ్చు. 2023 మే 6న ఆలెన్ మాల్‌లో జరిగిన కాల్పుల్లో పోయిన ఎనిమిది మందిలో ఒకరు మన తెలుగు అమ్మాయి. ఆ మాల్‌కు వెళ్లని తెలుగు కుటుంబం ఇటువైపు లేదు.

బ్లూబోనెట్

ఆ రోజు మేమూ ఏడ్చామండీ. కానీ కాల్పులు ఈశాన్య రాష్ట్రాల్లో జరగడం లేదా? ఒక ఘటన పట్టుకుని ఊరంతటినీ...

రెండు కార్ల కాపురం

ఊరిని అనలేదు, చట్టాన్ని అన్నాను. నేనూ ప్లేనోలోనే ఉంటున్నాను. నచ్చి ఉంటున్నవాడు భయం గురించి మాట్లాడకూడదా?

చర్చా నిర్వాహకుడు

ఇద్దరి మాటా సభ్యులకు అందింది. తుపాకీ చట్టాలపై వాదన ఇక్కడితో ఆపి, అడిగినవారి ప్రశ్నకు రండి.

లెక్కల టీచరు

ఎనిమిదో తరగతి అమ్మాయి గురించి ఎవరూ రాయలేదేమిటి? మీ కుటుంబంలో ఈ మార్పు ఎక్కువగా తగిలేది ఆమెకే. నేను డల్లాస్ ప్రాంతంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను.

టెక్సాస్‌లో 1997 నుంచి ఒక చట్టం ఉంది. తరగతిలో పైవరుసలో నిలిచిన పిల్లలకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటు దానంతటదే వస్తుంది. చాలా చోట్ల పై పది శాతం, ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మాత్రం ఆరు శాతంగా ఉండి 2026 ప్రవేశాలకు ఐదు అయింది. వినడానికి వరంలా ఉంటుంది. కానీ ర్యాంకు మీ అమ్మాయి చదివే స్కూల్లోని పిల్లలతోనే. ఫ్రిస్కోలో, కొప్పెల్‌లో, ప్లేనోలో మనం ఏరికోరి వెళ్లే స్కూళ్లలో వందలో ఐదుగురిలో ఉండటమంటే తొమ్మిదో తరగతి మొదటి పరీక్ష నుంచీ ఒక్క దశాంశం జారకూడదు. ర్యాంకు దెబ్బతింటుందని ఇష్టమైన సంగీతం తరగతి మానేసిన పిల్లల్ని చూశాను. ఐదు శాతంలో ఉన్నా సీటు ఖాయం గానీ కోరిన కోర్సు ఖాయం కాదు. ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్ కావాలంటే మళ్లీ పోటీ పడాల్సిందే.

మంచి వైపు: రాష్ట్ర విద్యార్థికి ఆస్టిన్‌లో ఏడాది ఫీజు కోర్సును బట్టి 11 నుంచి 13 వేల డాలర్లు. న్యూజెర్సీలో రట్గర్స్‌కు 17 వేలు దాటుతుంది. వసతి ఖర్చు రెండు చోట్లా అదనం.

వెళ్లేట్టయితే ఈ ఆగస్టులోపే వెళ్లండి. ఇక్కడ స్కూళ్లు ఆగస్టు మధ్యలో తెరుస్తారు, న్యూజెర్సీలోలాగా సెప్టెంబరు దాకా ఆగరు. ఒక ఏడాది అక్కడ చదివించి పదో తరగతిలో తెస్తే, పాత స్కూలు మార్కులకు ఇక్కడ ఎంత విలువ కట్టాలన్నది ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఒక్కో నిబంధన. అక్కడ ఆనర్స్ చదివినది ఇక్కడ మామూలు తరగతి కింద జమ కావచ్చు. ఇల్లు చూడటానికి ముందే ఆ నిబంధనల పుస్తకం అడిగి చదవండి.

ఇంకో తేడా: ఇక్కడ 16 ఏళ్లకు పిల్లల చేతికి కారు వస్తుంది. న్యూజెర్సీలో 17 నిండాలి. ఆ ఏడాది తల్లిదండ్రులకు నిద్ర ఉండదు. కారు ఇవ్వకపోతే డ్రైవరు ఉద్యోగం మీదే.

పునాది గొట్టం

వాతావరణం గురించి ఒక అనుభవం. 2021 ఫిబ్రవరిలో డల్లాస్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ రెండు ఫారన్‌హీట్‌కు పడింది. టెక్సాస్‌లో ఎక్కువ భాగానికి సొంత విద్యుత్ గ్రిడ్ ఉంది, పక్క రాష్ట్రాలనుంచి పెద్దగా కరెంటు తెచ్చుకోవడం కుదరదు. ఆ వారం మా ఇంట్లో పైకప్పు కింద నీళ్ల పైపు పగిలి హాలంతా జలమయం. పొయ్యి గ్యాసుది కాబట్టి పిల్లలకు వేడినీళ్లయినా దొరికాయి. రాష్ట్రం అధికారికంగా లెక్కగట్టిన మరణాలు 246. తర్వాత విద్యుత్ కేంద్రాలకు చలి రక్షణ తప్పనిసరి చేశారు. అయినా మా గ్యారేజీలో జనరేటరు ఉంటుంది.

రారిటన్ ఒడ్డు

నిజాయితీగా మావైపుదీ చెప్పాలి. అదే ఏడాది సెప్టెంబరు 1న ఐడా తుపాను అవశేషం ఒక్క రాత్రిలో న్యూజెర్సీలో దాదాపు 30 మందిని పొట్టన పెట్టుకుంది. కార్లలో, సెల్లారుల్లో చిక్కుకుని పోయినవాళ్లే ఎక్కువ. మాన్‌విల్‌లో వీధులు ఏరులయ్యాయి. మామూలు ఇంటి బీమా వరదకు పనికిరాదు, వరద బీమా వేరే తీసుకోవాలి. కరెంటు బిల్లు కూడా 2025 జూన్‌లో 17 నుంచి 20 శాతం పెరిగింది. రైలు సంగతి మీవారినే అడగండి, తీగ తెగి టన్నెల్ ముందు ఆగిన సాయంత్రాలు ఆయనకే తెలుసు. ఇక్కడ అంతా బాగుందని నేను అనను. అయినా గంటలో న్యూయార్క్, గంటన్నరలో సముద్రం. డల్లాస్ నుంచి గాల్వెస్టన్ అలలు చూడాలంటే ఐదు గంటలు. ఇంకా మా రాష్ట్రంలో పెట్రోలు బంకులో కారు దిగనక్కర్లేదు, మనమే పట్టుకోవడం చట్టవిరుద్ధం. జనవరి చలిలో దాని విలువ తెలుస్తుంది.

ఉద్యోగం పోతే ఏమిటన్నది కూడా చూడండి. వందకు పైగా ఉద్యోగులున్న కంపెనీ న్యూజెర్సీలో మూకుమ్మడిగా తీసేస్తే 90 రోజుల ముందస్తు నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక వారం జీతం ఇవ్వాలి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. టెక్సాస్‌లో అలాంటి రాష్ట్ర చట్టం లేదు. మన రంగంలో ఈ రోజుల్లో ఇది చిన్న మాట కాదు.

ఆలెన్ అత్తయ్య

మరిచాను, పెద్దవాళ్లు వస్తారన్నావు కదా. ఇక్కడ రోడ్డు పక్కన "ఎమర్జెన్సీ" అని ఎర్ర అక్షరాలతో చిన్న చిన్న కేంద్రాలు కనిపిస్తాయి. చూడ్డానికి జ్వరానికి వెళ్లే మామూలు క్లినిక్కులా ఉంటాయి. బిల్లు మాత్రం పెద్దాసుపత్రి అత్యవసర విభాగానిది. సందర్శకుల బీమాతో వచ్చిన మా బావగారు దగ్గుకు వెళ్లి కట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ దగ్గు వస్తుంది. లోపలికి వెళ్లేముందే ఏ రకం కేంద్రమో అడుగు.

బట్టలు ఎక్కువ కొంటావా? న్యూజెర్సీలో బట్టలకు అమ్మకం పన్ను లేదు. ఇక్కడ 8.25 శాతం. ఆగస్టులో ఒక వారాంతం మాత్రం ఒక్కోటి వంద డాలర్లలోపు బట్టలకు పన్ను తీసేస్తారు, ఆ మూడు రోజులూ దుకాణాల్లో కాలు పెట్టలేం.

మెట్రోపార్క్ ప్రయాణం

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. ఇద్దరం కూర్చుని మొదటినుంచీ చదివాం.

ముందు పంతులుగారి మాట మీద మావారు కంపెనీ వాళ్లను అడిగారు. వాళ్లకు ప్లేనోలో ఆఫీసు ఉంది. బదిలీ సాధ్యమే, కానీ ఆ ఊరి జీతాల పట్టిక ప్రకారం జీతం కొద్దిగా తగ్గుతుందట. తగ్గినా న్యూయార్క్ పన్ను పోతుంది కాబట్టి చేతికి వచ్చేది దాదాపు సమానం. అంటే లాభం లేదు, నష్టం లేదు. పన్ను కోసం వెళ్లాలన్న మాట మా ఇంట్లో ఇక లేదు.

ఇప్పుడు మిగిలినవి రెండే: ఆయన రైలు ప్రయాణం తప్పడం, అమ్మాయి చదువు. అమ్మాయికి లెక్కల టీచరు గారు రాసింది చదివి వినిపించాను. "ఐదు శాతంలో లేకపోతే నన్ను కొడతారా?" అని అడిగింది. వయొలిన్ మాత్రం మాననని ముందే చెప్పేసింది.

చివరికి అనుకున్నది ఇది. బదిలీ ఉత్తర్వు కాగితం మీద మే నెలాఖరుకు చేతికొస్తే జూలైలో వెళ్తాం. అక్కడ రెండేళ్లు అద్దెకే ఉంటాం, ఇక్కడి ఇల్లు అమ్మం. కాగితం రాకపోతే నేను ఆ ఉద్యోగం వద్దంటాను. ఒక్క సందేహం, ఇక్కడి ఇంటి అద్దె మీద రాష్ట్ర పన్ను ఎవరికి?

పన్నుల పంతులు

న్యూజెర్సీకే. మీరు టెక్సాస్‌లో ఉన్నా ఇల్లు ఇక్కడుంది కాబట్టి నాన్ రెసిడెంట్ రిటర్ను వేయాలి. తరుగు, వడ్డీ, ఆస్తి పన్ను, మరమ్మతులు తీసేశాక మిగిలే లాభం మీదే పన్ను. ఇంటి బీమాను అద్దె ఇంటి బీమాగా మార్చుకోండి. సొంత నివాసానికిచ్చే యాంకర్ డబ్బు ఇక రాదు. ఎప్పటికైనా అమ్మే ఆలోచన ఉంటే అమ్మకానికి ముందు ఐదేళ్లలో రెండేళ్లు మీరు అందులో ఉండి ఉండాలి, అప్పుడే జంటకు 5 లక్షల దాకా లాభం మీద ఫెడరల్ పన్ను ఉండదు. కాబట్టి అద్దెకిచ్చిన మూడేళ్లలోపు ఏదో ఒకటి తేల్చుకోండి.

బ్లూబోనెట్

అద్దె ఇల్లు చూడ్డానికి వస్తే మా ఇంట్లో దిగండి. గోంగూర పచ్చడి ఖాయం. నిర్వాహకుల ద్వారా సందేశం పెట్టండి.

కొత్త సభ్యుడు

నమస్కారం, చర్చ బాగుంది. నార్త్ కరోలినాలో షార్లెట్ ఎలా ఉంటుంది? మేము డెలావేర్ నుంచి వెళ్దామనుకుంటున్నాం.

చర్చా నిర్వాహకుడు

దానికి వేరే చర్చ మొదలుపెట్టండి. ఇద్దరి ఆదాయం, ఇంటి అప్పు వడ్డీ, పిల్లల తరగతులు, ఎవరి ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉందన్నది మొదటి సందేశంలోనే రాస్తే పంతులుగారికి శ్రమ తగ్గుతుంది.